ఆ ఎనిమిది వందలు ఎవరి చేతికి?

(ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులు శ్రీ నారా చంద్రబాబునాయుడు గారికి,
ముఖ్యమంత్రి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం,
వెలగపూడి, అమరావతి.



2025 సెప్టెంబరులో కలెక్టర్ల సమావేశంలో మీరొక మాట చెప్పారు. యూరియా వాడకం తగ్గించిన రైతుకు, తగ్గించిన ప్రతి బస్తాకూ రూ.800 ప్రోత్సాహకం ఇస్తామన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రంలో చాలాచోట్ల రైతులు యూరియా కోసం తెల్లవారకముందే వరసల్లో నిలబడి ఉన్నారు. అందుకే ఆ మాటను కొరత కప్పిపుచ్చే మాటగా కొట్టిపారేసినవాళ్లు ఎక్కువ. నేను మాత్రం దాన్ని చాలా పెద్ద మాటగానే విన్నాను. 45 కిలోల బస్తాకు రైతు కట్టేది రూ.266.50. దానికి మూడు రెట్లు, వాడకపోయినందుకు ఇస్తామంటున్నారు. ఎరువు వెయ్యమని దశాబ్దాలుగా సబ్సిడీలు ఇస్తూ వచ్చిన వ్యవస్థలో ఇది దారి మళ్లించే మాట.

ఈ ఉత్తరం ఆ మాట గురించే. ఆ ఎనిమిది వందలు ఎవరి ఖాతాలో పడతాయన్నదే నా ప్రశ్న.

నేను గుంటూరు జిల్లా మెట్ట పల్లెలో, పత్తీ మిర్చీ పండించిన ఇంట్లో పుట్టినవాణ్ని. రాజధాని అమరావతిలోనే ఉండాలని కోరుకున్నవాణ్ని. 2019 డిసెంబరు తర్వాత తుళ్లూరు, మందడం నిరసన శిబిరాల్లో ఆడవాళ్లు ఎండకూ వానకూ కూర్చున్నన్ని రోజులూ నా మనసు వాళ్ల పక్షానే ఉంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివర్లో రాజధాని నేలల గురించి రాయబోయేది రాజధానే వద్దనేవాళ్ల మాటగా మీకు వినిపించకూడదని.

ఒక దేశం తినేది, కట్టుకునేది, కాల్చేది, పారేసేది అంతా సమకూరడానికి ఎంత నేల, ఎంత నీరు, ఎంత అడవి కావాలో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ 1990ల మొదట్లో దాన్ని తయారుచేశారు. దాన్నే పర్యావరణ పాదముద్ర అంటున్నాం. ఆ లెక్కన 2025లో భూగోళం ఏడాది పొడవునా ఇవ్వగలిగినదాన్ని మనుషులు జూలై 24 నాటికే వాడేశారు. తలసరి చూస్తే భారతీయుడి వాటా ప్రపంచ సగటులో సగానికి లోపే. అయినా మన దేశపు నేల, నీళ్లు, అడవులు తిరిగి పూడ్చుకోగలిగినదానికి రెట్టింపు కంటే ఎక్కువే మనం వాడుతున్నాం. తలసరి తక్కువ, మొత్తం ఎక్కువ. ఈ పరిస్థితిలో జనాన్ని లైట్లు ఆర్పమనీ, సంచీ చేతబట్టుకుని బజారుకు వెళ్లమనీ చెబితే పని జరగదు. పత్తి తీతకు వెళ్లే కూలిమనిషి ఇంట్లో ఆర్పడానికి ఉన్నవే రెండు లైట్లు. ఆమె జీవితంలో తగ్గించుకోవడానికి ఏమీ లేదు. తగ్గవలసింది ప్రభుత్వ విధానాల బరువు. వ్యవసాయం, భూమి, నీరు మూడింటినీ రాజ్యాంగం రాష్ట్రాల చేతిలో పెట్టింది. అందుకే ఈ ఉత్తరం ఢిల్లీకి రాయలేదు.

యూరియా సంగతే చూడండి. అది పుట్టేది సహజవాయువులోంచి. అందులో పెద్ద భాగం విదేశాల నుంచి ఓడల్లో దిగుమతి అవుతుంది. అమ్మోనియా తయారీకి ముడిసరుకూ అదే, ఇంధనమూ అదే. బస్తాలో నూటికి 46 పాళ్లు నత్రజని. మన పొలాల్లో వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు బలమైనది. ఇంకొంత నైట్రేట్‌గా మారి నేలలోకి ఇంకి, బోరు నీళ్లలో తేలుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కేంద్ర భూగర్భజల బోర్డు 2024 నివేదిక దేశం మొత్తం మీద నైట్రేట్ తీవ్రంగా ఉన్న పదిహేను జిల్లాలను పేర్కొంటే, మన రాష్ట్రం నుంచి అందులో కనిపించిన పేరు పల్నాడు. మురుగు, పెంటదిబ్బలు కూడా కారణాలే అనండి, కాదనను. కానీ పత్తి, మిర్చి చేలల్లో కుమ్మరించిన ఎరువును ఆ లెక్కలోంచి తీసేయలేం. 2022లో జిల్లాలను విడదీశాక అమరేశ్వరుడి గుడి, మహాస్తూపం ఉన్న పాత అమరావతి పల్నాడు జిల్లాలోకే వెళ్లింది. రాజధాని ఏ ఊరి పేరు పెట్టుకుందో ఆ ఊరున్న జిల్లాలో నీళ్ల సంగతి ఇదీ.

ఎరువు కథ ఇలా ఉంటే పురుగుమందుల కథ ఇంకా బాధాకరం. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ, శనగపచ్చ పురుగు ఊడ్చేశాయి. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులను వరసపెట్టి కొట్టడంతో మిత్రపురుగులు చచ్చాయి, శత్రుపురుగులు రాటుదేలాయి. అప్పుల్లో మునిగిన రైతులు చేలో కొట్టాల్సిన మందే తాగారు. పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం మొదట విన్న చోట్లలో మన జిల్లాలున్నాయి. 2002లో బీటీ పత్తి వచ్చింది. కొన్నేళ్లు మందుల ఖర్చు తగ్గిన మాట నిజమే. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి కూడా అలవాటు పడింది. ఆ తర్వాత మిర్చి వంతు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలను ముడిచేసింది. కొట్టని మందు లేదు, లొంగిన పురుగు లేదు. కాయ కొయ్యకుండానే తోట పీకేసిన రైతులు ఎందరో.

మిర్చి తోటలో మందు కొట్టే రోజును ఒక్కసారి దగ్గరగా చూడండి. పొద్దున్నే గట్టు మీద నీళ్ల డ్రమ్ము పెడతారు. పక్కన మూడు నాలుగు డబ్బాలుంటాయి. ఏది ఎంత కలపాలో చెప్పేది వ్యవసాయాధికారి కాదు, మందుల కొట్టాయన. ఎందుకంటే అప్పిచ్చేదీ ఆయనే. మూతతో కొలిచి, పుల్లతో కలిపి, తైవాన్ స్ప్రేయర్ భుజానికెత్తుకుని కుర్రాడు సాళ్లలోకి దిగుతాడు. మూతికి తువ్వాలు, కాళ్లకు ఏమీ ఉండదు. గాలి ఎదురు తిరిగితే మందంతా ఒంటి మీదే పడుతుంది. వాసన ఆరకముందే కూలి ఆడవాళ్లు కలుపుకో, కోతకో అదే సాళ్లలోకి వెళ్తారు. పూత దశ నుంచి ఇది వారానికోసారి జరిగే తంతు. ఆ కాయే కల్లంలో ఎండి, టిక్కీ బస్తాల్లోకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు వస్తుంది. మందు అవశేషాలు ఎక్కువున్నాయని యూరప్ రేవుల్లో మన మిరపకాయకు ప్రత్యేక తనిఖీలు పెట్టారు. బయటి దేశంవాడు వద్దన్న సరుకు మన ఇళ్ల గోంగూర పచ్చడిలోకి వస్తోంది. ఇంత చేసి రైతుకు మిగిలిందేమిటి? 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ఖరారు చేసింది. కౌలుతో కలిపి ఎకరా మిర్చికి పెట్టుబడి రెండు లక్షలు దాటుతోందని చెప్పుకునే రైతులకు ఆ ధర ఏ మూలకు?

ఈ రొంపిలోంచి బయటపడే దారి మన దగ్గరే ఉంది. ఈ మాట ప్రపంచమే ఒప్పుకుంది. పురుగుమందులు లేని సాగును అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు. వాళ్లవీ పత్తి, మిర్చి పొలాలే. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా అది ఊరూరా పాకింది. ఆ పునాది మీదే మీ ప్రభుత్వం 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని మొదలుపెట్టింది. 2018లో ఇంకా పెద్ద మాట చెప్పారు. 2024 కల్లా 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు అన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతో కలిసి పంచుకున్న బహుమతి అది. పది లక్షల మందికి పైగా చిన్న రైతులను ఈ దారిలోకి తెచ్చారని అప్పుడు మనల్ని మెచ్చుకున్నారు. పది లక్షలంటే తక్కువ కాదు. కానీ అనుకున్నది 60 లక్షలు.

మిగిలిన యాభై లక్షల మంది ఎందుకు రాలేదు? ఈ పద్ధతి పనిచేయకనా? 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీనికి శాస్త్రీయ ఆధారాలు చాలవని అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. దానికి జవాబు చెప్పవలసింది పొలంలో కొలతలే. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన రాష్ట్రంలోనే పొలాల్లో ప్రయోగాలు చేసి, దిగుబడి తగ్గలేదనీ, నేల బాగుపడిందనీ 2023లో ప్రకటించారు. మిర్చి లాంటి మందుల పంటలో పరీక్షలు ఇంకా జరగాలి. లాం ఫారం మనకు గుంటూరు పక్కనే ఉంది. రాష్ట్రం నలుమూలలా పండే మిర్చి రకాలను ఇచ్చిన పరిశోధన కేంద్రం అది. ప్రకృతి సాగు మిర్చిని దాని పరిశోధనల్లో ముందు వరసలో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అసలు అడ్డంకి మరొకటుంది. అది ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

ఘన జీవామృతం చేయడం చూసే ఉంటారు. వంద కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, ఐదారు లీటర్ల మూత్రం, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడన కలిపి, గోనెపట్టా కప్పి వారం రోజులుంచాలి. ఇలాంటివి ఎకరాకు నాలుగు కుప్పలు. పేడ ఎత్తి, కలిపి, మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. మెట్ట ఊళ్లలో పశువులు తగ్గిపోయాయి కాబట్టి పేడ కూడా కొనుక్కోవాలి. వానలకు ముందే నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండేలా చూడాలి. ఇదంతా చేస్తే నేల మెత్తబడుతుంది, వానపాములు తిరిగొస్తాయి, తేమ నిలుస్తుంది. కానీ ఫలితం నిలకడగా కనిపించాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం మైదానాల్లో సేద్యం చేసేవాళ్లలో చాలామంది కౌలుదారులు. కౌలు ఏడాదికే, అదీ నోటిమాట మీదే. చాలాచోట్ల డబ్బు ముందే కట్టాలి. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి మూడేళ్ల తర్వాత పండే నేల కోసం పేడ ఎందుకు మోస్తాడు? ఈ ఏడాదిలోనే కౌలు, వడ్డీ, పెట్టుబడి అన్నీ రాబట్టుకోవాలి. అందుకు దగ్గరి దారి యూరియా బస్తా, మందు డబ్బా. తన పరిస్థితికి తగినట్టే అతను నడుచుకుంటున్నాడు. అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఇది మారదు.

2019 సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు పదకొండు నెలల కార్డు ఇస్తుంది. కానీ దానికి భూయజమాని సమ్మతి కావాలి. యజమానులు భయంతో సంతకం పెట్టరు. భూమి చేజారుతుందని ఒకరు, తన పేరున పంట రుణం ఆగిపోతుందని ఇంకొకరు. కార్డు లేక బ్యాంకు అప్పు లేదు, అది లేక మందుల కొట్టు అప్పు తప్పదు. ఆ అప్పుతోపాటే ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలన్న నిర్ణయమూ కొట్టాయన చేతికి పోతుంది. కౌలు చట్టం మారుస్తామని మీ మంత్రులు చెప్పారు. ఆ మాట మరిచిపోకండి. మన రాష్ట్రపు పర్యావరణ విధానంలో అన్నింటికంటే ముఖ్యమైన చట్టం అదేనంటాను. సోలార్ విధానం కంటే, విద్యుత్ బస్సుల కంటే కూడా.

ఇప్పుడు ఎనిమిది వందల దగ్గరికి వస్తాను. రాష్ట్రంలో రసాయన ఎరువుల వాడకం గత మూడేళ్ల సగటు కంటే తగ్గితే, మిగిలిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి తిరిగిస్తామని కేంద్రం 2023లో పీఎం ప్రణామ్ పథకంలో చెప్పింది. ఆ డబ్బు రైతు దాకా వస్తుందన్నది మీ హామీ. ఏ రైతు? కొనుగోలు రికార్డులో ఒకరు, పాస్‌బుక్‌లో మరొకరు, సాళ్లలో ఇంకొకరు ఉండే చోట ఈ ప్రశ్న చిన్నది కాదు. పట్టాదారు ఖాతాలో డబ్బు వేస్తే, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని యూరియా వాడనందుకు బహుమతి అందుకుంటాడు. పేడ మోసిన మనిషికి పైసా రాదు. అప్పుడు యూరియా కూడా తగ్గదు. ఈ-పంట నమోదులో సాగు చేసేవాళ్ల పేరు రాసే ఏర్పాటు ఉంది. ఎనిమిది వందలు ఆ పేరున్న మనిషికే వెళ్లాలి, యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా. భూమి హక్కుకూ దీనికీ ఏ సంబంధమూ లేదని ఉత్తర్వులో ఒక్క వాక్యం రాస్తే యజమానుల భయమూ తీరుతుంది.

ఉన్నట్టుండి అంతా ఆపేయమని నేననడం లేదు. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. వరి, తేయాకు దెబ్బతిని ఆరేడు నెలల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. సిక్కిం అదే పనిని 2003లో మొదలుపెట్టి, సబ్సిడీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, 2016 నాటికి పూర్తి చేసింది. సిక్కిం చిన్న రాష్ట్రం, కొండ సేద్యం. అక్కడ నడిచిందల్లా పల్నాడులో నడుస్తుందని చెప్పను. కానీ తొందర ఎంత చేటో శ్రీలంక చూపించింది, ఓపికతో ఏం సాధించవచ్చో సిక్కిం చూపించింది.

ధర గురించి కూడా ఒక మాట. మందులు తక్కువ కొట్టిన మిర్చికి గుంటూరు యార్డులో వేరే వేలం లేదు. రైతు ఎంత జాగ్రత్తపడినా టిక్కీ రాశిలో కలిసిపోతే అదే ధర. యార్డులో అవశేషాల పరీక్ష పెట్టి, పాసైన సరుకుకు వేరే వేలంపాట పెడితే ఎగుమతిదారులే ముందుకొస్తారు. తిరుమలలో శ్రీవారి నైవేద్యానికి ప్రకృతి వ్యవసాయ దినుసులు కొనడం ఇప్పటికే మొదలైంది. దేవుడి ప్రసాదానికి పనికొచ్చినవి సంక్షేమ హాస్టళ్ల పిల్లల అన్నానికీ రావాలి. ప్రభుత్వం ఏటా కొనే బియ్యం, కందిపప్పు, కారంలో కొంత భాగం కార్డు ఉన్నా లేకపోయినా ప్రకృతి సాగు చేసిన మనిషి దగ్గరే కొంటామని ముందే చెబితే, అతనికి ఏ బ్యాంకు మేనేజరు కంటే ఆ మాటే ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఇక రాజధాని.

2015 అక్టోబరు 22న శంకుస్థాపన నాటికి 29 గ్రామాల రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఇచ్చారు. నది ఒడ్డున ఉండవల్లి, పెనుమాక వైపు జరీబు నేలలు. అరటి, కూరగాయలు, పూలు, ఏడాదికి మూడు పంటలు పండేవి. లోపలికి వెళ్తే నల్లరేగడి మెట్ట, పత్తి, మిర్చి. జరీబుకు ఎకరానికి ఏటా 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు ఇస్తామన్నారు. ప్లాట్లు ఇస్తామన్నారు. అవి భూమి ఉన్నవాళ్లకు. భూమి లేని కూలి కుటుంబానికి నెలకు రూ.2,500 పింఛను దక్కింది. కౌలుదారు ఏ జాబితాలోనూ లేడు. 2019 తర్వాత ఐదేళ్లు పనులు ఆగిపోయాయి. పత్తి పండిన నేలలో సర్కారు తుమ్మ మొలిచింది. 2024లో ఆ ముళ్లకంప కొట్టేయడానికే టెండర్లు పిలవాల్సి వచ్చింది. పంట పోయింది, పట్నం రాలేదు. ఆ ఐదేళ్ల పాపం మీది కాదని అందరికీ తెలుసు. కానీ ఆ పాఠం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. రాజధానికి కావలసిన కరెంటు పునరుత్పాదక వనరుల నుంచే అన్నారు. సంతోషం. అయితే నగరపు పాదముద్రలో పెద్ద భాగం కరెంటు మీటరులో కనిపించదు. పల్నాడు సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేటప్పుడు ఇంధనం పొగ ఒక్కటే కాదు, రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ప్రపంచంలో వెలువడే ఆ వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటుదే. ఇక రోడ్డు కింద పడిన నల్లరేగడి మళ్లీ నేల కాదు. అడుగు మందం రేగడి తయారవడానికి వేల ఏళ్లు పడుతుంది. తవ్వే ప్రతి చోటా పై పొర మట్టిని వేరుగా తీసి, పల్లపు పొలాలకూ పార్కులకూ చేర్చాలన్న షరతు ప్రతి కాంట్రాక్టులో ఉండాలి. కొండవీటి వాగు పొంగే పల్లాలను పల్లాలుగానే ఉంచాలి. 2017 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ షరతులతో అనుమతి ఇస్తూ రాజధాని పనుల మీద రెండు కమిటీలు వేసింది. ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పంపులు ఎన్ని పెట్టినా, వాగుకు చోటు వదలకపోతే చాలదు.

ఇప్పుడు అమరావతి, తుళ్లూరు మండలాల్లో రెండో విడత భూసమీకరణ నడుస్తోంది. విమానాశ్రయం, రింగు రోడ్డు, క్రీడానగరం, పరిశ్రమలు అంటున్నారు. నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. మొదటి విడత భూమి నిండకముందే ఇంకొక విడత నల్లరేగడి తీసుకోవడం తప్పు. 2014లో శివరామకృష్ణన్ కమిటీ విజయవాడ, గుంటూరు మధ్య సారవంతమైన పొలాలు పోతాయని చెప్పిన హెచ్చరిక రాజధాని స్థలం విషయంలో పక్కకు పోయింది. కనీసం విస్తీర్ణం విషయంలోనైనా దాన్ని గుర్తుంచుకోవాలి. మీరు ఆపరేమో. ఆపకపోయినా, తీసుకున్న భూమి అంతటి మీదా వచ్చే ఏడాదే కట్టడాలు లేవవు. అయిదేళ్లో, పదేళ్లో, ఇంకా ఎక్కువో ఖాళీగా ఉండే భూమి వేల ఎకరాలుంటుంది. మొదటి విడతలోనూ ఉంది. మళ్లీ దాన్ని తుమ్మకంపకు వదిలేస్తామా?

అక్కడే నా అభ్యర్థన. ఆ భూమిని, ఇంతకాలం దాన్ని దున్నిన కౌలుదారులకూ, ఆ ఊళ్ల భూమిలేని కూలీల మహిళా సంఘాలకూ రాతపూర్వకంగా అయిదేళ్ల కౌలుకివ్వండి. షరతు ఒక్కటే ఉండాలి: ప్రకృతి వ్యవసాయం. భవనం కట్టాల్సిన రోజున ఒక పంటకాలం ముందు చెప్పి వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాయండి. యజమాని సంతకం పెట్టడం లేదన్న అడ్డంకి ఈ భూమి మీద లేదు. ఇక్కడ యజమాని రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే మీ ప్రభుత్వమే. రాష్ట్రంలో కౌలుదారు కార్డు మీద భూయజమాని సంతకం ఎలా ఉండాలో చూపించే అవకాశం మీకే ఉంది. అయిదేళ్లు చేతిలో ఉన్న నేల మీద కౌలుదారు ఏం చేస్తాడో, బోరు నీళ్లలో నైట్రేట్ ఎంత తగ్గుతుందో, ఎన్ని యూరియా బస్తాలు మిగులుతాయో సచివాలయం కిటికీలోంచే లెక్క చూడవచ్చు. ఆ లెక్కను ఏటా బడ్జెట్‌తోపాటు శాసనసభ ముందు పెట్టండి: ఎంత సాగుభూమి కాంక్రీటు కిందికి పోయింది, ఎన్ని టన్నుల యూరియా తగ్గింది, ఎన్ని మండలాల నీళ్లు తాగడానికి పనికొచ్చాయి. 2024 డిసెంబరులో విడుదల చేసిన స్వర్ణాంధ్ర 2047 పత్రంలో ఆదాయం లెక్కలు చాలా ఉన్నాయి. పక్కన ఈ మూడు అంకెలు కూడా ఉంటే ఆ లెక్క పూర్తవుతుంది.

నవధాన్యాలు చల్లేది మే నెలలో, తొలకరికి ముందు. కౌలు మాటలు అంతకంటే ముందే, ఉగాది చుట్టుపక్కల అయిపోతాయి. దయచేసి ఆ లోపే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా మెట్ట పల్లె నుంచి
ఒక రైతుబిడ్డ